పందికొక్కు దేశంలో ఎలుకల లెక్క

ఆస్ట్రేలియాకి మన తెలుగు ఇచ్చిన మాట ఒకటి ఉందంటే చాలామంది నమ్మరు. బాండికూట్ అనే జంతువు పేరు ఇక్కడ బడికెళ్ళే పిల్లలందరికీ తెలుసు. ఇంగ్లీషు నిఘంటువు తీసి ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడండి, "తెలుగు" అని ఉంటుంది. అది మన పందికొక్కే! మద్రాసు వైపు తిరిగిన కుంఫిణీ దొరలు ధాన్యం కొట్లలో బలిసిన పెద్ద ఎలుకని చూసి, దాన్ని ఊళ్ళోవాళ్ళు ఏమంటారో విని, నోరు తిరిగినంత మేరకు ఆ పేరుని పట్టుకెళ్ళారు. 18వ శతాబ్దం చివర్లో సిడ్నీ చుట్టుపక్కల అడవుల్లో పొడుగాటి మూతితో నేల తవ్వుకుంటూ పోయే చిన్న జంతువొకటి తెల్లవాళ్ళకి కనబడింది. ఇండియాలో నేర్చుకున్న పేరే దీనికీ తగిలించారు.

తీరా చూస్తే ఆస్ట్రేలియా బాండికూట్ ఎలుక జాతే కాదు. కంగారూ లాగా పిల్లల్ని పొట్ట సంచిలో పెట్టుకు పెంచుతుంది. మనిషి వెళ్ళే దార్లో పడి ప్లేగు మోసే జంతువు కాదది. కొత్త చోటుకి వచ్చినవాడికి తెలియనిది కనబడగానే తెలిసిన పేరు పెట్టేసి ఊరుకోవడం అలవాటు. జంతువుకైతే దానివల్ల పెద్ద నష్టం లేదు. రోగం వచ్చినప్పుడు తప్పు పేరు పెడితే మాత్రం మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. సిడ్నీ నగరం 1900లో ఎలుకల్ని చూడటం ఎలా నేర్చుకుందో ఈ వ్యాసంలో చెబుతాను. ఆ పాఠం పూర్తయ్యేలోపు ఆ నగరం ఎవరెవరిని అనుమానించిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనలాంటి వలసవాళ్ళకి సంబంధించిన సంగతి.

సిడ్నీ హార్బర్ సముద్రంలో కలిసే చోట ఉత్తరం వైపు నార్త్ హెడ్ అనే కొండ ఉంది. ఇవాళ అక్కడ బాండికూట్‌లని ప్రభుత్వం ప్రత్యేకంగా కాపాడుతోంది. అవి తవ్వుకునే ఆ నేలలోనే పాత క్వారంటైన్ స్టేషన్ ఉంది, ప్లేగుతో పోయినవాళ్ళ సమాధులు ఉన్నాయి.

ఆ ప్లేగు సిడ్నీకి తిన్నగా రాలేదు, ప్రపంచం చుట్టి వచ్చింది. 1894లో హాంగ్‌కాంగ్‌లో విజృంభించింది. ఆ ఏడాది అక్కడే అలెగ్జాండర్ యెర్సిన్ ఆ రోగానికి కారణమైన బాక్టీరియాని పట్టుకున్నాడు. 1896లో బొంబాయికి చేరింది. అక్కడినుంచి రైళ్ళెక్కి, ఓడలెక్కి నలుదిక్కులా పోయింది. 1899 చివరికి ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న ఫ్రెంచి దీవి న్యూ కాలెడోనియాలో కనబడింది. ఇక సిడ్నీ వంతు వస్తుందని డాక్టర్లకి తెలుసు. వచ్చింది కూడా. 1900 జనవరి 19న ఆర్థర్ పేన్ అనే 33 ఏళ్ళ బండివాడికి ప్లేగని తేల్చారు. సెంట్రల్ వార్ఫ్ అనే రేవులో సరుకులు దింపుకుని ఊళ్ళో చేరవేయడం అతని పని. ఇల్లు ఆ పక్కనే, ఫెర్రీ లేన్ అనే సందులో. అతన్నీ, ఇంట్లోవాళ్ళనీ పడవెక్కించి నార్త్ హెడ్‌కి తీసుకుపోయారు. అదృష్టవశాత్తూ పేన్ బతికాడు.

మొదట చనిపోయినవాడు థామస్ డడ్లీ. న్యాయశాస్త్రం చదువుకున్నవాళ్ళకి ఈ పేరు పరిచయమే. 1884లో మిన్యొనెట్ అనే చిన్న ఓడ మునిగిపోయి, నడిసముద్రంలో ఆకలికి తాళలేక, తోటి నావికుడైన కుర్రవాణ్ణి చంపి తిన్న కేసులో కెప్టెన్ ఇతనే. ఉరిశిక్ష పడి, అది ఆరు నెలల జైలుగా తగ్గి, తర్వాత ఆస్ట్రేలియా వచ్చేసి, సిడ్నీలో తెరచాపలు, గుడారాలు కుట్టే దుకాణం పెట్టుకున్నాడు. సముద్రంలో చావు తప్పించుకున్న మనిషిని దుకాణం మరుగుదొడ్డిలో చచ్చిన ఎలుకలు చంపాయి. గొట్టానికి అడ్డం పడి కుళ్ళిన ఎలుకల్ని అతను స్వయంగా తీశాడట. 1900 ఫిబ్రవరి 22న పోయాడు. నార్త్ హెడ్‌లోనే పూడ్చారు. డడ్లీ కథలో అప్పటి పత్రికలకి పాత నరమాంసం సంగతే రుచిగా తోచి ఉంటుంది గానీ, రోగం రహస్యం ఆ చచ్చిన ఎలుకల్లో ఉంది.

ఆ రహస్యం జనానికి తెలియదు. తెలిసినదల్లా భయం. రాక్స్, మిల్లర్స్ పాయింట్ అనే రేవు పేటల చుట్టూ అడ్డుకట్టలు కట్టి, లోపలివాళ్ళని బయటికి పోనివ్వకుండా పోలీసుల్ని పెట్టారు. మార్చి 23 నుంచి జార్జ్ మెక్రెడీ అనే ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో శుభ్రం చేసే పని మొదలైంది. ఆ పేటల్లోని మనుషుల్నే కూలికి పెట్టుకుని వాళ్ళ ఇళ్ళు వాళ్ళచేతే కడిగించారు. గోడలకి సున్నం కొట్టించారు, కార్బాలిక్ చల్లించారు, చెత్తని పడవల కొద్దీ తీసుకుపోయి సముద్రంలో పారబోశారు, బాగు చెయ్యలేమన్న ఇళ్ళని పడగొట్టారు. ఆ ఇళ్ళ ఫొటోలు ఈనాటికీ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర భాండాగారాల్లో ఉన్నాయి. ఒక ఫొటోలో ఎలుకలు పట్టే కూలీలు చచ్చిన ఎలుకల గుట్ట ముందు నిలబడి కెమెరా వంక చూస్తుంటారు. కృష్ణా, గోదావరి జిల్లాల పొలాల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదుల్ని చూసినవాళ్ళకి ఆ ముఖాలు కొత్తగా అనిపించవు. ఎలుకకి ఇంత అని లెక్కకట్టి బతికే పేదవాడు ఎక్కడైనా ఒకేలా ఉంటాడు.

బొంబాయిలో 1897లో వాల్డెమార్ హాఫ్కిన్ తయారుచేసిన ప్లేగు టీకా అప్పటికే ఉంది. సిడ్నీలో అది తక్కువగా దొరికింది. టీకా కోసం వచ్చిన జనం ఆరోగ్య శాఖ ఆఫీసు దగ్గర తొక్కిసలాడారు. రోగులతోపాటు వాళ్ళని తాకినవాళ్ళు, వాళ్ళింట్లో ఉన్నవాళ్ళు వెయ్యిమందికి పైగా నార్త్ హెడ్‌కి పోయారు. ఎప్పుడూ జరిగినట్టే వేలు ఒకవైపు తిరిగింది. చైనావాళ్ళు మురికిగా ఉంటారు, వాళ్ళవల్లే వచ్చిందని పత్రికలు రాశాయి, సభల్లో మాట్లాడారు. రోగం మొదలైంది రేవులో బండి తోలే తెల్లవాడితో. మొదట చచ్చిందీ తెల్లవాడే. అయినా అనుమానం మాత్రం కూరగాయలు పండించి అమ్ముకునే చైనావాళ్ళ ఇళ్ళ వైపు పోయింది. ఆ మరుసటి ఏడు, 1901లో, ఆస్ట్రేలియా దేశంగా ఏర్పడి, మొదట చేసిన చట్టాల్లోనే తెల్లవాళ్ళు కానివాళ్ళని రానివ్వకుండా చేసే వలస నియంత్రణ చట్టం ఒకటి. దానికి కారణం ప్లేగు ఒక్కటేనని అనలేను. కానీ ప్లేగు రోజుల మాటలూ ఆ చట్టం మాటలూ ఒకే నోట్లోంచి వచ్చినట్టుంటాయి.

ఈ గొడవలో ఇద్దరు మనుషులు ఎలుకల వైపు చూశారు. ఒకాయన జాన్ ఆష్‌బర్టన్ థాంప్సన్, న్యూ సౌత్ వేల్స్ ప్రధాన వైద్యాధికారి. రెండో ఆయన ప్రభుత్వ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల నిపుణుడు ఫ్రాంక్ టిడ్స్‌వెల్. థాంప్సన్ చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ప్రతి రోగి దగ్గరికీ మనిషిని పంపి, ఎక్కడ పని చేస్తావు, ఎక్కడ పడుకుంటావు, చచ్చిన ఎలుకలు ఎక్కడ చూశావు అని అడిగించి రాయించాడు. రాసినవన్నీ పక్కపక్కన పెట్టుకు చూస్తే ఒక సంగతి బయటపడింది. రోగి పక్కన పడుకున్న పెళ్ళానికి గానీ, సేవ చేసిన నర్సుకి గానీ సాధారణంగా రోగం అంటడం లేదు. ఎలుకలు చచ్చిన రేవుల్లో, దుకాణాల్లో, సందుల్లో తిరిగినవాడికి వస్తోంది. అంటే రోగం మనిషి నుంచి మనిషికి పాకటం లేదు. అది చోటుని పట్టుకుని ఉంది. ఆ చోట్లలో ముందు ఎలుకలకి ప్లేగు వస్తోంది, తర్వాత మనుషులకి వస్తోంది.

మధ్యలో దాన్ని మోసేదెవరు? 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక ప్రయోగం చేసి జవాబు చెప్పాడు. ఎలుక ఒంటిమీద ఫ్లీ అనే గెంతే చిన్న పురుగు ఉంటుంది. ఎలుక బతికున్నంత సేపూ అది దాని రక్తం తాగి బతుకుతుంది. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటూ గెంతి పోతుంది. దగ్గర్లో మరో ఎలుక లేకపోతే మనిషి దొరుకుతాడు. ఇదీ సిమాండ్ చెప్పిన సంగతి. ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లు నవ్వారు. ఇండియాలో ప్లేగు మీద ప్రభుత్వం వేసిన కమిషన్ కూడా దాన్ని పట్టించుకోలేదు. ప్రపంచానికి ఆవల, సిడ్నీలో, థాంప్సన్ రాయించిన కాగితాలు మాత్రం సిమాండ్ మాటకి సరిగ్గా సరిపోయాయి. టిడ్స్‌వెల్ సిడ్నీ ఎలుకల మీది ఫ్లీ పురుగుల్ని ఏరి జాతులు తేల్చాడు. వాటిలో మనిషిని కుట్టే జాతి కూడా ఉందని చూపించాడు.

1900 ఆగస్టు నాటికి సిడ్నీలో మొత్తం 303 మందికి ప్లేగు వచ్చి 103 మంది పోయారు. 44,000కి పైగా ఎలుకల్ని చంపినట్టు లెక్క. ఎలుక తెచ్చిస్తే మొదట రెండు పెన్నీలు ఇచ్చేవారు, తర్వాత ఆరు పెన్నీల దాకా పెంచారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ 44,000 అన్న అంకెనే అందరూ చెప్పుకుంటారు. కానీ ఎలుకల్ని చంపడం ఒక పని, పరీక్షించడం ఇంకొక పని. చంపిన ఎలుకలకి డబ్బులిస్తే ఏమవుతుందో రెండేళ్ళ తర్వాత వియత్నాంలో హనోయి నగరం చూపించింది. ఫ్రెంచివాళ్ళు తోకకి ఇంత అని ఇచ్చారు. జనం తోకలు కోసుకుని ఎలుకల్ని వదిలేశారు, అవి మళ్ళీ పిల్లల్ని పెట్టాలి కదా! కొందరైతే ఎలుకల్ని పెంచారు కూడా. తోకల గుట్ట చూసి దొరలు మురిసిపోతుంటే ఎలుకలు హాయిగా ఉన్నాయి.

సిడ్నీలో థాంప్సన్, టిడ్స్‌వెల్ చేసిన పని తోకలు లెక్కపెట్టడం కాదు. ఏ వీధిలో, ఏ గోదాములో పట్టిన ఎలుకో చీటీ కట్టి, కోసి, ప్లేగు ఉందా లేదా చూసి రాసుకోవడం. అలా రోజూ చేస్తూ పోతే, మనుషులకి రోగం రాకముందే ఫలానా రేవులో ప్లేగు ఎలుక దొరికిందన్న కబురు వస్తుంది. అప్పుడు ఆ ఒక్క రేవుని కడిగితే చాలు, ఊరంతటికీ కంచె వెయ్యక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ప్లేగు 1925 దాకా అడపాదడపా వస్తూనే ఉంది. మొత్తం మీద 1,371 మందికి వస్తే 535 మంది పోయారు. ఆ పాతికేళ్ళూ ఎలుకల పరీక్ష ఆగలేదు. థాంప్సన్ తన వాదనని 1906లో ఇంగ్లండులో జర్నల్ ఆఫ్ హైజీన్‌లో అచ్చువేశాడు. సరిగ్గా అప్పుడే బొంబాయిలో ఒక కొత్త ప్లేగు కమిషన్ వేలకొద్దీ ఎలుకల్ని పరీక్షిస్తూ, బోనుల్లో పెట్టిన గినీ పందుల సాయంతో ఫ్లీ సంగతి నిస్సందేహంగా తేల్చింది. లండన్ నుంచి వచ్చి దానికి నాయకత్వం వహించిన చార్లెస్ మార్టిన్ అంతకుముందు సిడ్నీ, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయాల్లో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పినవాడే.

ఇండియాలో ఆ తేల్చడం ఆలస్యమైనందుకు కట్టిన మూల్యం తక్కువేం కాదు. 1897లో ప్రభుత్వం అంటురోగాల చట్టం తెచ్చింది. పూనాలో ర్యాండ్ అనే అధికారి ఆధ్వర్యంలో సోల్జర్లు ఇళ్ళలోకి జొరబడి ఆడవాళ్ళని కూడా బయటికి లాగి తడిమి చూశారు. కోపం కట్టలు తెంచుకుంది. 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు ర్యాండ్‌ని కాల్చారు, కొన్నాళ్ళకి అతను చనిపోయాడు. సోల్జర్లు వెతికింది మనుషుల్ని. ఎలుకలు ఆ ఇళ్ళ చూరుల్లో నిమ్మళంగా ఉన్నాయి. చదువుకోని జనానికి మాత్రం ఎలుకల సంగతి ముందే తెలుసు. హిమాలయాల్లో కుమావూఁ, గఢ్వాల్ పల్లెలవాళ్ళు ఎలుకలు రాలితే ఊరు ఖాళీ చేసి కొండల్లోకి పోయేవారని 19వ శతాబ్దపు సర్కారు కాగితాల్లోనే ఉంది. ఆ రోగాన్ని వాళ్ళు పిలిచే పేరు మహామారి, మన మహమ్మారి. మన బళ్ళారి, అనంతపురం వైపు కూడా ప్లేగు రోజుల్లో ఊళ్ళు వదిలి పొలాల్లో పాకలు వేసుకుని ఉండేవారు. హైదరాబాదులో 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు వరసగా ముంచేశాక, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసి వెడల్పాటి వీధులు వేయించింది. ఎలుకకి చోటు లేకుండా ఇల్లు కట్టడం అన్న ఆలోచన అప్పటినుంచే మన నగరాల్లోకి వచ్చింది.

ఈ తరంవాళ్ళకి ప్లేగు అంటే 1994 సూరత్ గుర్తుకొస్తుంది. మగ్గాల పని కోసం కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పోయి స్థిరపడిన నేతపనివాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ సెప్టెంబరులో రైళ్ళలో కిక్కిరిసి ఊరు విడిచి పారిపోయిన లక్షలమందిలో మనవాళ్ళూ ఉన్నారు. పోయినవాళ్ళు యాభైమందికి పైగా. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అనే ఐ.ఏ.ఎస్. అధికారి చెత్త తీయించి, మురుగు కాలవలు బాగుచేయించి, ఆ ఊరిని దేశంలోకెల్లా శుభ్రమైన ఊళ్ళలో ఒకటిగా నిలబెట్టాడు. ఎలుకల మీద నిఘా మనదేశంలో ఇప్పటికీ ఉంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట, చిత్తూరు, కోలారు, కృష్ణగిరి వైపు, పాత ప్లేగు మళ్ళీ తల ఎత్తుతుందేమోనని బెంగుళూరులోని ప్లేగు నిఘా విభాగం ఎలుకల్ని పట్టి పరీక్షిస్తుంటుంది. ఆ వూళ్ళవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ప్లేగు పోయాక ఆస్ట్రేలియా ఎలుకల్ని మరిచిపోదామనుకుంటే అవి ఊరుకోలేదు. 1933–34లో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఇంగం ఊరి చుట్టుపక్కల చెరకు నరికే కూలీలకి కామెర్లతో కూడిన జ్వరాలొచ్చి కొందరు చనిపోయారు. అది లెప్టోస్పైరోసిస్ అనీ, చెరకు తోటల్లో ఎలుకల మూత్రం నుంచి చేతుల మీది గాట్ల గుండా ఒంట్లోకి పోతోందనీ పరీక్షల్లో తేలింది. నరికే ముందు తోటని కాలిస్తే ఎలుకలు పారిపోతాయి, సూక్ష్మజీవులు చస్తాయి. కాల్చమని కూలీలు అడిగారు. కాలిన చెరకుకి ధర తగ్గుతుందని యజమానులు ఒప్పుకోలేదు. 1934, 35లలో సమ్మెలు జరిగాయి. ఆ కూలీల్లో ఎక్కువమంది ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. అక్కడి పెద్ద మిల్లులు సి.ఎస్.ఆర్. అనే సిడ్నీ కంపెనీవి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీకి కూలికి పోయిన మన విశాఖ, గోదావరి మనుషులు చెరకు నరికింది కూడా ఆ కంపెనీ కోసమే. ఎలుకలో ఏముందో పరీక్షించి చెప్పడం ఒక ఎత్తు, ఆ చెప్పినదాన్ని యజమాని చేత వినిపించడం మరో ఎత్తని ఇంగం కూలీలకి తెలిసొచ్చింది.

ప్లేగూ, లెప్టోస్పైరోసిసూ బాక్టీరియా వల్ల వచ్చేవి. మందులున్నాయి. ఇవాళ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఎక్కువగా వెతుకుతున్నది వైరస్‌లని. కొరియాలో లీ హో వాంగ్ అనే శాస్త్రవేత్త 1970లలో పొలం ఎలుకల్లో హంటావైరస్‌ని పట్టాడు. 1980 ప్రాంతంలో సియోల్ నగరంలోని మామూలు మురుగు కాలవ ఎలుకల్లో దాని చుట్టం దొరికింది. అదే సియోల్ వైరస్. ఈ వైరస్ ఉన్న ఎలుకకి జబ్బు చెయ్యదు. దాని మూత్రం, పెంట ఎండి దుమ్మై ముక్కులోకి పోతే మనిషికి జ్వరం వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇక్కడే ప్లేగుకీ దీనికీ పెద్ద తేడా. ప్లేగులో ఎలుకలు రాలేవి కాబట్టి కుమావూఁ పల్లెవాడికైనా తెలిసేది. వైరస్ మోసే ఎలుక రాలదు, మూలుగదు, ఆరోగ్యంగా అటక మీద తిరుగుతూ ఉంటుంది. కోసి చూసినా కంటికి ఏమీ కనబడదు. రక్తం, ఊపిరితిత్తి, మూత్రపిండం, పెంట తీసి, అందులో ఏ వైరస్ జన్యువులున్నాయో యంత్రాల మీద చదివితేనే తెలుస్తుంది.

అలా చదివినవాళ్ళు న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్ళు. 133 ఎలుకల్ని పట్టి 2014లో ఫలితాలు అచ్చువేశారు. ఆ 133 లోనే అంతకుముందు ఎవరికీ తెలియని కొత్త వైరస్‌లు 18 దొరికాయి. సియోల్ వైరస్ కూడా దొరికింది. కొత్త వైరస్ కనబడగానే రేపు మనకి రోగం వచ్చేస్తుందని కాదు. వాటిలో చాలావాటికి మనిషి ఒంట్లో బతకడం రాదు. కానీ ఏవి ఉన్నాయో జాబితా రాసి పెట్టుకుంటే, ఎప్పుడైనా ఆసుపత్రిలో అంతుచిక్కని జ్వరం వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో మెల్‌బోర్న్‌కి తెలుసు. 2006 చివర్లో 57 ఏళ్ళ మనిషి మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. అతని రెండు కిడ్నీలు, కాలేయం ముగ్గురికి అమర్చారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో ముగ్గురూ జ్వరంతో పోయారు. తెలిసిన పరీక్షలన్నీ చేశారు, ఏదీ తేల్చలేదు. విక్టోరియా అంటువ్యాధుల ప్రయోగశాలవాళ్ళు నమూనాల్ని కొలంబియాలో ఇయాన్ లిప్కిన్ బృందానికి పంపారు. లక్షకి పైగా జన్యు ముక్కల్ని చదివితే వాటిలో 14 మాత్రం ఒక కొత్త వైరస్‌వి. చిట్టెలుకల్లో ఉండే ఎల్.సి.ఎం. అనే పాత వైరస్‌కి దగ్గర చుట్టమది. చనిపోయిన దాత అంతకుముందు మూడు నెలలు పూర్వపు యుగొస్లావియా పల్లెల్లో తిరిగి వచ్చాడు. 2008లో ఈ సంగతి అచ్చయింది. వైరస్‌కి పెట్టిన పేరు డాండెనాంగ్. ఇండియావాళ్ళు విరివిగా ఉండే మెల్‌బోర్న్ శివారు పేరది. మనం ఉగాది సరుకులు కొనుక్కునే పేట పేరు ఒక వైరస్ మీద ఉందని ఎంతమందికి తెలుసు?

సిడ్నీ నడిబొడ్డున కూడా 2019లో కుక్కలకి లెప్టోస్పైరోసిస్ వచ్చి కొన్ని చనిపోయాయి. ఎలుకలు మళ్ళీ వార్తల్లోకెక్కాయి. ఎలుకల్ని చంపే కంపెనీలకి ఏ నగరంలోనూ కొదవ లేదు. ఫోన్ చేస్తే వచ్చి మందు పెట్టి వెళతారు. చచ్చిన ఎలుక చెత్తబుట్టలోకి పోతుంది. దాంతోపాటు అది చెప్పగలిగిన కబురూ పోతుంది. చీటీ కట్టి పరీక్షించడం ఖర్చుతో కూడిన పని. పైగా ఏమీ దొరకని సంవత్సరాల్లో అది దండగ ఖర్చులా కనబడుతుంది.

ఈ ఖర్చు దండగో కాదో తేల్చుకోవడానికి మనకి దగ్గరి లెక్క ఒకటి ఉంది. 2020 జులై 4న మెల్‌బోర్న్‌లో తొమ్మిది ప్రభుత్వ అపార్టుమెంట్లని కోవిడ్ కారణంగా అప్పటికప్పుడు మూసేశారు. సుమారు 3,000 మంది, ఎక్కువగా ఆఫ్రికా, ఆసియాల నుంచి వచ్చిన కుటుంబాలు, ముందు మాట లేకుండా లోపల చిక్కుకుపోయారు. తలుపుల దగ్గర పోలీసులు. ఆ రాష్ట్ర అంబుడ్స్‌మన్ డిసెంబరులో ఇచ్చిన నివేదికలో అలా క్షణాల మీద మూయడం మానవ హక్కుల చట్టానికి విరుద్ధమని తేల్చింది. 2021 మే 3 నుంచి 15 దాకా, ఇండియాలో ఉన్న ఆస్ట్రేలియా పౌరులు సొంత దేశానికి రావడం నేరమైంది. అయిదేళ్ళ దాకా జైలు, 66,600 డాలర్ల దాకా జరిమానా అన్నారు. వెనక్కి రావాలని పేరు నమోదు చేసుకున్నవాళ్ళు దాదాపు 9,000 మంది. అమ్మానాన్నల్ని చూడటానికి, కొందరైతే తల్లిదండ్రుల దహనానికి వెళ్ళి చిక్కుకున్న తెలుగువాళ్ళు మన పరిచయాల్లోనే ఉన్నారు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ రోగం ఉధృతంగా ఉన్న నెలల్లో అక్కడి ఆస్ట్రేలియన్లకి ఇలాంటి శిక్ష ఎవరూ చెప్పలేదు.

కోవిడ్ మనిషి నుంచి మనిషికి పాకే రోగం, ప్లేగు వేరు అని మీరు అనవచ్చు. నిజమే. తలుపులు మూయవలసిన రోజులు ఉంటాయి, విమానాలు ఆపవలసిన రోజులూ ఉంటాయి. కానీ ఏ తలుపు, ఎంతసేపు అన్నది రోగం గురించిన కాగితాలు చూసి తేల్చాలి. కాగితాలు లేనప్పుడు అధికారులు మనుషుల ముఖాలు చూసి తేలుస్తారు. 1900లో థాంప్సన్ చేయించిన పని అందుకే గుర్తుంచుకోదగ్గది. ఆయన వలసవాళ్ళ పక్షం వహించిన మనిషేమీ కాదు. రోగి ఎక్కడ తిరిగాడో, ఎలుక ఎక్కడ చచ్చిందో రాయించాడు, అంతే. ఆ రాత ప్రకారం తప్పు చైనావాళ్ళ వంటింట్లో లేదు, రేవు గోదాముల్లో ఉంది. చైనావాళ్ళ మీద జనానికి ఉన్న కోపం దానివల్ల చల్లారలేదు. కానీ ప్రభుత్వం ఎక్కడ కడగాలో, ఎక్కడ గోడ కట్టాలో తెలిసింది.

తర్వాతి రోగం ఎక్కడినుంచి వచ్చినా మొదట వినబడేది కొత్తగా వచ్చినవాళ్ళ పేరే. మన పిల్లలు ఇక్కడే పుట్టి ఉండవచ్చు, ముఖం మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళదే. అంచేత మనం ఉంటున్న కౌన్సిల్ సమావేశాల్లో ఎలుకల మాట వచ్చినప్పుడు మందు పెట్టే ఖర్చు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. పట్టిన ఎలుకల్ని ఎవరైనా పరీక్షిస్తున్నారా, ఏ వీధిలో ఏమి దొరికిందో ఎక్కడైనా రాసి పెడుతున్నారా అని కూడా అడగాలి. విజయవాడలో, హైదరాబాదులో ఉన్నవాళ్ళు తమ మునిసిపాలిటీని అడగవలసిన ప్రశ్న కూడా ఇదే.